ఐదో డబ్బా

ముప్పై ఒకటి. గోడ మీద ఎర్ర అంకె మారినప్పుడల్లా ఓ గంట మోగుతుంది, మోగగానే హాల్లో వాళ్ళంతా ఒకేసారి చేతిలో చీటీ వంక చూసుకుంటారు, తమ నంబరు ఈ మధ్యలో మారిపోయిందేమోనన్నట్టు. మాది నలభై ఏడు. ఇంకా పదహారు ఉన్నాయి, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు వేసుకున్నా గంట పైన పడుతుంది, ఆ గంటలో నేను వదినకి చెప్పెయ్యాలి. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను, ఎందుకంటే ఇంకెప్పుడో చెబుదామని పది నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. చెప్పాల్సింది భారతమంత ఏమీ లేదు. వదినా, వీసా మా నలుగురికే, మీరు మాతో రావటం లేదు. అంతే, నోట్లో తిప్పి చూసుకుంటే పట్టుమని పది మాటలు కూడా లేవు. మా వదిన, అంటే మా ఆయన అక్క, నా ఎడమ పక్క కుర్చీలో చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, బళ్ళో మొదటిరోజు పిల్లలా కూర్చుని ఉంది.

ఈ హాలు వాసన ఒకటి. ఫినాయిలు, దాని కింద ఎంత కడిగినా పోని మూత్రం, ఆ రెంటి మీదా ఎవరో ఒళ్ళంతా కొట్టుకొచ్చిన సెంటు. నిన్న రాత్రి ఎనిమిది నుంచి ఏమీ తినకూడదన్నారు, ఖాళీ కడుపులోకి ఈ మూడూ కలిసి దిగుతుంటే తేన్పు పుల్లగా పైకొస్తోంది. ఎదురు వరసలో ఒకాయన దగ్గుతున్నాడు, దగ్గినప్పుడల్లా చేతిలోకి చూసుకుని ఆ చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు, అదే చేత్తో తన పిల్లవాడి బుగ్గ నిమురుతున్నాడు. వీసా కోసం ఆరోగ్యవంతులమని కాగితం తీసుకోవటానికి వచ్చి, ఉన్న ఆరోగ్యం కాస్తా ఇక్కడ వదిలిపెట్టి వెళ్ళేట్టున్నాం. అందరూ శుభ్రమైన బట్టలు వేసుకొచ్చారు, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నారు. ఊపిరితిత్తులు చూస్తారు, రక్తం చూస్తారు, కళ్ళు, చెవులు, వెన్నుపూస. నచ్చితే రమ్మంటారు. సంతలో పశువు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టేవాడికి కూడా ఇంతకంటే మొహమాటం ఉంటుంది. పోనీ వాళ్ళు చూస్తున్నారంటే వాళ్ళ దేశం, వాళ్ళిష్టం. మేము చూపించుకుంటున్నామే, దానికేం పేరు పెట్టాలి.

పళ్ళు లెక్కపెట్టడం నా పనే, అందుకే నాకు ఇంత రోత. పద్నాలుగేళ్ళుగా పళ్ళ సెట్లు చేస్తున్నాను. డాక్టర్లు జనం నోళ్ళలోంచి తీసిన అచ్చులు డబ్బాల్లో పంపుతారు, ఒక్కోసారి ఎంగిలి కూడా ఆరకుండానే వస్తాయి, వాటిలో నేను ప్లాస్టరు పోస్తాను, ఆరాక విప్పితే ఎవరిదో నోరు తెల్లగా నా బల్ల మీద కూర్చుంటుంది. ఆ నోటికి మైనంతో చిగురు కట్టి, పళ్ళు ఒక్కొక్కటీ పేర్చి, ఉడికించి, అరగదీసి, మెరుగు పెట్టి పంపుతాను. మనిషిని చూడను, నోరే చూస్తాను. ఎవరు ఎడమవైపు నములుతారో, ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో చెప్పగలను కానీ వాళ్ళు ఎదురుపడితే గుర్తుపట్టలేను. ఆ దేశంలో ఈ పని చేసేవాళ్ళు కరువయ్యారట. మా ఆయన ఈ మాట ఎక్కడో చదివి, ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. అలా మొదలైంది. అందుచేత దరఖాస్తులో ముఖ్యమైన మనిషిని నేను, నా మీద ఆధారపడ్డవాళ్ళు ఆయనా, ఇద్దరమ్మాయిలూ. పెద్దదానికి పదహారు, చిన్నదానికి తొమ్మిది. దరఖాస్తు నా చేత్తో నేనే నింపాను. “మీతో నివసించే ఇతర కుటుంబ సభ్యులు” అన్న చోట పేనా ఆగిపోతే, పక్కన కూర్చున్న వీసా కన్సల్టెంటు తల ఎత్తకుండానే, “భర్త అక్క అనేది వాళ్ళ లెక్కలో చుట్టరికమే కాదు మేడమ్. ఆవిడ ఉందని రాస్తే అనవసరంగా ప్రశ్నలొస్తాయి, లేరని రాసెయ్యండి” అన్నాడు. రాసేశాను. లేరు. ఆ కాగితం పంపి ఇంటికొచ్చేసరికి ఆ లేని మనిషి చిన్నదాని తలకి నూనె రాస్తూ గుమ్మంలో కూర్చుని ఉంది. “మొహం అలా పీక్కుపోయిందేంటి, కాసేపు పడుకో అమ్మాయ్” అంది.

ముప్పై నాలుగు. మా ఆయన ఎదురుగా నిలబడి నోటుపుస్తకం తిరగేస్తున్నారు. బోల్టులూ నట్లూ చేసే కంపెనీలో స్టోర్‌కీపరు ఆయన, లోకంలో దేన్నయినా అరలో పెట్టి, చీటీ అంటించి, పుస్తకంలో ఎక్కించి, పక్కన టిక్కు పెడితే గానీ ఊపిరాడదు. ఈ ప్రయాణానికో పొడుగు పుస్తకం పెట్టారు. పిల్లల బడి కాగితాల మీద సంతకాలు, టీకాల చీటీలు, అందరికీ రెండేసి జతల కళ్ళజోళ్ళు ఎందుకంటే అక్కడ కళ్ళ డాక్టరు దొరకటానికి నెలలు పడుతుందట, అక్కడి గోడల్లో పట్టే ప్లగ్గులు, మందులు డాక్టరు చీటీతో సహా, మొదటి రెండు వారాలకి గది, ఆ గదికి దగ్గర్లో బస్సు. మంచి జాబితానే, కాదనను. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తెరిచాను. ఇరవై రెండు, వాషింగ్ మెషీను: ఎదురింటివాళ్ళు అడిగారు. ఇరవై నాలుగు, నీళ్ళ కనెక్షన్ రద్దు. ఆ రెంటికీ మధ్య ఇరవై మూడు, అక్క: చూడాలి. గుండ్రటి చేతిరాత, కింద గీత కూడా గీశారు. టిక్కు లేదు. పెన్సిలుతో పక్కన చిన్నగా, వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో మేడ మీద గది అని. ఆ గది నేను చూశాను. నీళ్ళ ట్యాంకు కింద, విరిగిన కుర్చీలూ పాత ఫ్యానులూ పెట్టుకునే గది అది. వాషింగ్ మెషీనుకి మనిషి దొరికాడు, అక్కకి గది దొరికింది. చదివి ఏం చేశాను, పుస్తకం ఎక్కడిదక్కడ, ఏ పేజీ దగ్గర ఉందో ఆ పేజీ దగ్గరే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆయన్ని అడగలేదని కాదు. అడిగాను. “వీసా రానీ, ముందే చెప్పి బాధపెట్టడం ఎందుకు? రాకపోతే అసలు గొడవే లేదుగా” అన్నారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు, పైగా పామే నవ్వుతూ పక్కకి తప్పుకోవాలి. అన్నిటికంటే దరిద్రమైన పని పాస్‌పోర్టుది. కన్సల్టెంటు ఇంటికి ఫోను చేసి, ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ సిద్ధం చేసుకోమన్నప్పుడు ఫోను తీసింది వదినే. మేము వచ్చేసరికి తన ఫొటోలు తీయించుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఆ ఫొటోల వంక నేనూ ఆయనా చూశాం, ఒకరి వంక ఒకరం చూసుకున్నాం, వద్దని అనే నోరు ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది. “సరేలే, దానిదేముంది, పనికొస్తుంది” అని ఆయన ఆవిడకీ దరఖాస్తు పెట్టారు. మా ఇంటి పద్ధతే అంత. ఒక మాట చెప్పలేక ఒక పాస్‌పోర్టు తీయిస్తాం. మనిషిని మోసం చేయటానికి ప్రభుత్వం చేత ముద్ర వేయించుకున్నవాళ్ళం మేమే అయ్యుంటాం. వదిన దాన్ని పల్చటి తెల్ల చేతిరుమాల్లో చుట్టి, సంచీలో లోపలి అరలో పెట్టుకుంది. ఇప్పుడూ ఉంది, నేను చూడకుండానే చెప్పగలను, గంటకోసారి పైనుంచి తడిమి చూసుకుంటోంది.

ఆవిడకి అప్పటినుంచీ ప్రయాణమే లోకం. ఉన్ని మేజోళ్ళు అల్లింది, ఐదు జతలు. ఆ దేశపు భాషలో అంకెలు చిన్నదాని దగ్గర నేర్చుకుంటోంది, పదకొండు దగ్గర ఎప్పుడూ తప్పుతుంది, చిన్నది నెత్తిన మొట్టికాయ వేస్తే “మళ్ళీ చెప్పవే టీచరమ్మా” అని నవ్వుతుంది. మా ఆయన పుస్తకంలో లేని ప్రశ్నలన్నీ ఆవిడవే. అక్కడ తడిబట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఇద్దరూ పనికి వెళ్తే చిన్నది బడినుంచి వచ్చేసరికి తాళం ఎవరు తీస్తారు? పెద్దది కోపమొస్తే వాకిట్లోకి వెళ్ళి కూర్చుంటుంది కదా, మరి వాకిలి లేని ఇంట్లో ఎక్కడికి వెళ్తుంది? ఒకసారి రాత్రి చిన్నదానికి చెవిపోటొస్తే ఎవరింటి తలుపు కొట్టాలో ముందే కనుక్కోమను తమ్ముణ్ణి, అంది నాతో. చెవిపోటొస్తే ఇప్పటిదాకా కొట్టింది మీ గది తలుపే కదా వదినా. అది అప్పుడు అనాల్సింది. “కనుక్కుంటారులెండి” అన్నాను. ఛీ. ఈ నాలికకి ఇంగువ ఘాటు తెలుస్తుంది, ఉప్పు తక్కువైతే తెలుస్తుంది, ఇది మాత్రం తెలియలేదు.

ముప్పై ఎనిమిది. నాలుగు నిమిషాలు కూడా పట్టడం లేదు, త్వరత్వరగా తోసేస్తున్నారు లోపలికి. చెప్పు. ఇప్పుడు చెప్పు. “వదినా” అన్నాను. “ఊఁ” అంటూ తిరిగింది, తిరగగానే ఆ నవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు మాట రాదు, ఎందుకంటే అది నవ్వు కాదు, నా పనితనం. మూడేళ్ళ కిందట చిగుళ్ళ జబ్బు చేసి వదినకి పైపళ్ళన్నీ తీసేశారు. డాక్టరు ఎందుకు, ఇంట్లో నువ్వుండగా, అన్నారు అందరూ. అప్పుడే ఒక డాక్టరు ఓ సెట్టు తిప్పి పంపాడు, పళ్ళు పెద్దవయ్యాయి, పేషెంటు ఒప్పుకోవటం లేదని. వాడని పళ్ళే, కొత్తవే, కానీ ఒకరు వద్దన్నవి. వాటినే ఊడదీసి వదిన కొలతకి చిగురు కట్టి మళ్ళీ పేర్చాను. ఊరికే పోతాయిగా అనుకున్నాను. ఊళ్ళో ముక్కూమొహం తెలియనివాళ్ళకి పంటి రంగు పగటి వెలుగులో కిటికీ దగ్గర పెట్టి మరీ సరిచూస్తాను. వదిన నోటికి ఆ పళ్ళు ఓ పిసరు పెద్దవి, పై పెదవి పూర్తిగా మూతపడదు, దాంతో ఆవిడ ఎప్పుడూ చిన్నగా నవ్వుతున్నట్టుంటుంది. జ్వరమొచ్చినా నవ్వే, వాళ్ళమ్మ పోయిన రోజున ఏడుస్తున్నా నవ్వే. మీ ఆడపడుచు ఎంత కలుపుగోలు మనిషండీ, అంటారు మా వీధిలో. పైగా ఎడమవైపు కాస్త ఎత్తయింది, నమిలినప్పుడల్లా టక్కు టక్కుమంటుంది. నీలం కాగితం కొరికించి, ఎత్తు ఎక్కడుందో చూసి, ఓ వెంట్రుకవాసి అరగదీస్తే సరిపోతుంది, ఐదు నిమిషాల పని. వచ్చే వారం చేస్తాను వదినా అన్నాను. మూడేళ్ళయింది. ఆవిడ రెండోసారి అడగలేదు. ఇంట్లో ఎవరి ముందూ ఆ సెట్టు బయటికి తీయదు, పిల్లల ముందు అసలే తీయదు, రాత్రి గది తలుపు వేసుకున్నాకే. “ఏంటమ్మాయ్?” అంది. “ఏం లేదు, చలిగా ఉందా అని” అన్నాను. ఫ్యాను కూడా తిరగని హాల్లో.

మొహం తిప్పుకుని గోడ వంక చూస్తే గోడ మీద పోస్టరు, నలుగురు మనుషులు, నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు, చేతులు పట్టుకుని ఓ విమానం వైపు చూస్తున్నారు. వాళ్ళకి అక్కలు లేరు. వాళ్ళ బట్టలు ఎవరు ఆరేస్తారో. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో పెద్దది నెలల పిల్ల, రెండేళ్ళ కోర్సు, మానేద్దామనుకున్నాను. వదిన మానేయనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి రెండు బస్సులు మారి, పిల్లని భుజాన వేసుకుని మా కాలేజీ వెనక గేటు దగ్గరికి వచ్చేది. ముందు గేటు దగ్గర వాచ్‌మన్ గొడవ చేసేవాడు. వెనక గేటు పక్కన చెత్తకుండీ, ఆ కుండీకీ గోడకీ మధ్య నేను కూర్చుని పాలిస్తుంటే నాకు అడ్డంగా నిలబడేది, వచ్చేపోయేవాళ్ళకి వీపు చూపిస్తూ, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని. ఎనిమిది నెలలు. వానలో గొడుగు నాకూ పిల్లకీ పట్టి తను తడిసేది. ఆ చెత్తకుండీ దగ్గర నేర్చుకున్న పనే ఇవాళ వీసా తెప్పిస్తోంది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు, మేము దాటకముందే అగ్గిపెట్టె వెతుక్కుంటున్నాం. పోయిన వారం పెద్దది నాతో, “మీ ఇద్దర్నీ చూస్తే నాకు అసహ్యమేస్తోంది. మీరు చెప్పకపోతే నేనే అత్తకి చెప్పేస్తా” అంది. అంది కానీ అదీ చెప్పలేదు, ఇప్పుడు కూడా ఫోనులోకి తల దూర్చి కూర్చుంది. మా పిల్ల కదా, మా రక్తమే. ఇక్కడ తీసే రక్తంలో అదొక్కటీ బయటపడదు.

నలభై. చిన్నది నా ఒళ్ళో వాలి “ఆకలి” అంది. పరీక్షలవ్వనీ తిందువుగాని, అత్త బ్రెడ్డూ అరటిపళ్ళూ తెచ్చింది, అన్నాను. “అత్తకీ ఆకలే, చెప్పటం లేదంతే” అంది చిన్నది. “పొద్దున నేను నీళ్ళు తాగబోతే వద్దని, నాతోపాటు తనూ తాగకుండా ఉంటానంది. రాత్రి కూడా ఏం తినలేదు. మనందరికీ రక్తం తీస్తారుగా.” నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆవిడ తోడుకి వచ్చిందనుకున్నాను నేను. ఎక్కడికెళ్ళినా వస్తుంది, సంచీలు పట్టుకోవటానికి, పిల్లల్ని చూడటానికి, అలాగే వచ్చిందనుకున్నాను. పరీక్షకి వచ్చింది. పదమూడు గంటలనుంచి కడుపు మాడ్చుకుని, తల దువ్వుకుని, ఎడమ చేతి గాజులు తీసి సంచీలో వేసుకుని కూర్చుంది, సూది గుచ్చేటప్పుడు అడ్డం రాకుండా. ఇప్పుడు చూస్తున్నాను ఆ బోసి చెయ్యి. గంట సేపటినుంచీ నా పక్కనే ఉంది, ఇప్పుడు చూస్తున్నాను. తల ఎత్తి ఆయన వంక చూశాను, ఆయన విన్నారు, నాకు తెలుసు విన్నారు, ఎందుకంటే నోటుపుస్తకం కుర్చీ మీద పెట్టి, “కాపీలు ఇంకో సెట్టు తీయించుకొస్తా, ఎందుకైనా మంచిది” అని గబగబా బయటికి నడిచారు. ఆ వీపుని చూస్తుంటే పళ్ళు పటపటమన్నాయి. కానీ ఆ వీపుకైనా పారిపోయే నిజాయితీ ఉంది, నేను కూర్చుని ఉన్నాను.

నలభై మూడు. తెల్లకోటు అమ్మాయి ట్రే పట్టుకుని వచ్చింది. ట్రేలో ఎర్ర మూతల ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కోదాని మీదా పేరు అంటించిన చీటీ. చీటీల మీద పేర్లు చదివి మా ఒళ్ళో పెట్టింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, “అటు చివర బాత్రూములున్నాయి, సగం నింపి తీసుకురండి, మూత గట్టిగా బిగించండి” అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పి పక్క వరసకి వెళ్ళిపోయింది. వదిన చేతులు ఒళ్ళో తెరిచి పెట్టుకునే ఉంది. తర్వాత నా ఒళ్ళోవి, పిల్లల చేతుల్లోవి వేలితో లెక్కపెట్టింది, చిన్నది నేర్పిన ఆ భాషలో, పెదవుల మీద. “నాది మర్చిపోయినట్టుంది ఆ పిల్ల” అంది. “పాపం ఎంతమందికని గుర్తుంటుంది. నే వెళ్ళి అడిగి తెచ్చుకుంటా, నువ్వు కూర్చో.” లేచింది. చేతిసంచీలోంచి చేతిరుమాలు, రుమాల్లోంచి పాస్‌పోర్టు తీసి పట్టుకుంది. అప్పుడు పట్టుకోవచ్చు చెంగు. చెయ్యి చాపితే అందుతుంది, వదినా ఆగండి అంటే ఆగుతుంది, నేను చెప్పాలి, నేనే చెప్పాలి, ఇంకెవరూ చెప్పకూడదు. నా చేతిలో డబ్బా ఉంది. ఆ డబ్బా పక్కన పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? పెట్టలేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, లోపల ఎక్కడో ఓ మూల, హమ్మయ్య అనిపించింది.

పెద్దది ఫోను దించి నా వంక చూసింది, నేను చూడనట్టు కౌంటరు వైపు చూస్తున్నాను. అద్దం వెనక ఇంకో అమ్మాయి. అద్దంలో గుండ్రటి కన్నం, దాని ముందు వంగి వదిన ఏదో చెబుతోంది, ఇంత దూరానికి వినపడదు. అమ్మాయి పాస్‌పోర్టు తీసుకుంది. కాగితాల మీద వేలు పెట్టి కిందికి దిగింది, పేజీ తిప్పింది, మళ్ళీ పైనుంచి దిగింది. మా హాలు వైపు చూసి ఏదో అడిగింది. వదిన వెనక్కి తిరిగి మమ్మల్ని చూపించింది, చెయ్యెత్తి, అదిగో అన్నట్టు. అమ్మాయి ఇంకో కాగితం తీసి, పేనాతో ఓ చోట కొట్టి, ఆ కాగితాన్నే అద్దానికి ఆనించి పట్టుకుంది. ఏ కాగితమో నాకు తెలుసు, మా దరఖాస్తు నకలు, నా చేతిరాత ఉన్నది. వదిన కళ్ళజోడు సంచీలో వెతుక్కుంది, పెట్టుకుంది, ముందుకి వంగి చదివింది. మా వదిన పుస్తకం చదివినా పేపరు చదివినా వేలు పెట్టి చదువుతుంది. అద్దం మీద వేలు పెట్టి చదివింది. వేలు ఒకచోట ఆగింది, చాలాసేపు ఆగింది. వెనక లైన్లో ఉన్నతను భుజం పక్కనుంచి చెయ్యి దూర్చి తన చీటీ అద్దంలోకి తోశాడు, వదిన పక్కకి జరిగింది.

తిరిగి వస్తోంది. నవ్వుతోంది. ఆ నవ్వు నేను పెట్టినదని తెలిసీ, ఒక్క అడుగు సేపు, పర్లేదు కాబోలు అనుకున్నాను. అంత నీచం. వచ్చి తన కుర్చీలో కూర్చుంది, నా వంక చూడలేదు. పాస్‌పోర్టు తీసి తమ్ముడి నోటుపుస్తకం మీద పెట్టి, అంచులు సరిగ్గా కలిసేట్టు సర్దింది. చేతిరుమాలు ఒళ్ళో పరిచింది. తర్వాత సంచీలోంచి మా అందరికీ తెచ్చిన స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. బ్రెడ్డు వాసన హాల్లో ఆ వాసనలన్నిటి మధ్యా లేచింది, పక్కవాళ్ళు తిరిగి చూశారు, ఎవరూ ఏమీ తినని చోటు ఇది. ఓ ముక్క కొరికింది. టక్కు. నమిలింది. టక్కు, టక్కు. ఆగింది. చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళి, పక్కకి తిరగకుండా, చెంగు అడ్డం పెట్టుకోకుండా, అంతమంది మధ్యలో పైసెట్టు ఊడదీసి చేతిరుమాల్లో పెట్టింది. పెదవి లోపలికి పోయింది. నవ్వు లేదు. మూడేళ్ళ తర్వాత ఆవిడ మొహం చూశాను, మనిషి ఇంత ముసలిదయిపోయిందని నాకు తెలియదు. అరటిపండు ఒలిచి, చిగుళ్ళతో మెల్లగా తినసాగింది.

చిన్నది నోరు తెరుచుకుని చూసి, “అత్తా, నువ్వు తినేస్తున్నావేంటి? నీకు టెస్టు లేదా?” అంది. వదిన దాని తల నిమిరింది. “లేదమ్మా. నేను బానే ఉన్నానంట, నాకు అక్కర్లేదంట” అంది. పళ్ళు లేక మాటలు గాలిపోయి వచ్చాయి, చిన్నది అది ఆటనుకుని కిసుక్కుమంది. పెద్దది లేచి బాత్రూము వైపు పరిగెత్తింది, డబ్బా కుర్చీలోనే వదిలేసి. వదిన పండు తినటం పూర్తి చేసింది. తొక్క మడిచి డబ్బాలో పెట్టి మూత బిగించింది. అప్పుడు నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలని ఎంత కోరుకున్నానో, ఒక్క తిట్టు, చెంప మీద ఒక్కటి. చేతిరుమాలు నాలుగు కొసలూ కలిపి మూట కట్టి నా అరచేతిలో పెట్టింది. “ఎడమవైపు ఎత్తుగా ఉంది” అంది. “వెళ్ళేలోపల అరగదీసిచ్చి వెళ్ళు. తర్వాత నాకెవరు చేస్తారు?”

నలభై ఏడు. గంట మోగింది. మా ఆయన అప్పటికి సరిగ్గా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు, చేతిలో ఎవరికీ అక్కర్లేని కాపీలు, కుర్చీ మీద పాస్‌పోర్టు చూశారు, అక్కని చూశారు, పుస్తకమూ పాస్‌పోర్టూ కలిపి చంకలో పెట్టుకుని “పదండి, పదండి, పిలుస్తున్నారు” అన్నారు. పదండట. వదిన సంచీ పక్కకి జరిపి మాకు దారిచ్చింది. లోపల చిన్న గది, తెల్ల పరదా, ఎత్తు స్టూలు, పక్కన బుట్టలో ముందువాళ్ళ రక్తపు దూదులు. నర్సు వయసులో పెద్దావిడ, పొద్దుటినుంచీ ఎంతమందికి గుచ్చిందో, నా మొహం చూడలేదు, నేను జనం మొహాలు చూడనట్టే. చెయ్యి చాపమంది, రబ్బరు పట్టీ కట్టింది. “పిడికిలి బిగించండి” అంది. బిగించే ఉంది. పల్చటి రుమాల్లోంచి పళ్ళు అరచేతిలో దిగుతున్నాయి, నేను ఒక్కొక్కటీ పేర్చిన వరసే, ఎడమవైపు ఎత్తు కూడా తెలుస్తోంది. సూది దిగింది. ఆవిడ రెండో చేత్తో కాగితం దగ్గరికి లాక్కుని, ఇంట్లో ఎవరికైనా ఎడతెగని దగ్గు ఉందా, క్షయ ఉందా అని గడగడా చదివింది. లేదు, లేదు.

“ఇంట్లో ఉండేది మీరు నలుగురేనా? ఇంకెవరైనా ఉన్నారా?”

పరదా సందులోంచి హాలు కనిపిస్తోంది. వదిన చిన్నదాని చెప్పులు కుర్చీ కింద వంకరగా ఉంటే సరిచేసి పెడుతోంది.

“నలుగురమే” అన్నాను.

నర్సు టిక్కు పెట్టుకుంది.